పుట్టింటి నుంచి మెట్టినింటికి: బాలింత మనసు

కడప జిల్లా పల్లెల్లో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి చేరి, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక మెట్టినింటికి మళ్లే ఆచారం నేటికీ ఉన్నది. తల్లి చేతి పథ్యం, పక్కన మనుషులు, పొలం పనుల నుంచి విరామం బాలింతకు ఇచ్చే ఊరటను తక్కువగా చూడలేము గాని, ఆ అండ తొలగే వేళకూ మనసు కుంగే ప్రమాదం తొలగే వేళకూ పొంతన లేదు.

కాన్పయిన మూడు నాలుగు రోజులకు కారణం తెలియని ఏడుపు, చిరాకు చాలామందికి కలిగి, రెండు వారాల్లోపే సర్దుకుంటాయి. అంతకు మించి దిగులు వీడక, బిడ్డ నిద్రపోయినా తనకు కునుకు పట్టక, బతుకు మీదే విరక్తి కలిగితే దానిని ప్రసవానంతర కుంగుబాటు అంటారు. అది తొలి ఏడాదిలో ఎప్పుడైనా తలెత్తవచ్చు. దేశంలోని 38 అధ్యయనాలను క్రోడీకరించి 2017లో వెలువడిన పరిశీలన నూటికి 22 మంది తల్లులకు ఇది ఉన్నట్లు అంచనా కట్టింది. వెయ్యి మందిలో ఒకరిద్దరికి, లేని మాటలు వినిపిస్తూ మతి చెదిరే ప్రసవానంతర ఉన్మాదం వస్తుంది. దానిని గాలి సోకిందనుకొని తాయెత్తుతో సరిపెట్టకుండా, ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

ఆసుపత్రి కాన్పు తరువాత ఆశ కార్యకర్త 3వ రోజు మొదలుకొని 42వ రోజు వరకు ఆరుసార్లు ఇంటికి వస్తుంది. మూడో నెల నుంచి మరో వరుస సందర్శనలున్నాయి. అయితే మొదటి వరుస పుట్టింటి ఊరి ఆశది, రెండోది చాలాసార్లు కాన్పు సంగతే ఎరుగని మెట్టినూరి ఆశది కావడం వల్ల, తూకం, టీకాల వివరాలు తల్లీబిడ్డల కార్డులో ఊరు దాటుతాయే గాని తల్లి దిగులు దాటదు. గడచిన వారం రోజుల మనఃస్థితిని పది ప్రశ్నలతో కొలిచే ఎడిన్‌బరో కొలమానం 1987 నుంచే ఉన్నది. దాని మార్కును కూడా అదే కార్డులో రాయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఆశ స్థాయి కార్యకర్తలే ఈ బరువు మోయగలరనడానికి పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెలు సాక్ష్యం. అక్కడ గ్రామ ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు చివరి నెల నుంచే వెళ్లి మాట్లాడగా, ఆరు నెలలకు వారి సాయం పొందిన తల్లుల్లో నూటికి 23 మందిలోనే కుంగుబాటు మిగిలిందని, అది అందని వారిలో 53 మందిలో ఉన్నదని 2008లో తేలింది.

తండ్రుల మాట ఎక్కడా లెక్కకు రాదు. పిల్లలు పుట్టే కాలంలో పదిమందిలో ఒకరికి కుంగుబాటు కలుగుతుందని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నా, కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి, బిడ్డను ఫోన్‌లోనే చూసుకునే తండ్రిని పలకరించే ఏర్పాటు ఆశ సందర్శనల్లో లేదు. ఇక్కడ ఒంటరిగా మిగిలిన భార్య టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పాలిచ్చే తల్లి మందులు వాడరాదన్న భయంతో చికిత్స మానేసేవారున్నారు. పాలిస్తూ వాడదగిన మందులు ఉన్నందున ఆ నిర్ణయం వైద్యునికి వదలాలి. ఆసుపత్రిలో చేరవలసి వచ్చినా, మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా తల్లి నుంచి వేరు చేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ఆ చట్టానికి ముందే, 2009లో, బెంగళూరు నిమ్‌హాన్స్ తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే విభాగాన్ని తెరిచింది.