చక్రం లేకుండా ఎలా?

అజ్టెక్‌ల గురించి, ఇంకాల గురించి చెప్పిన ప్రతిసారీ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. ఇనుము లేదు, ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి లేదు. మరి అంతంత నగరాలు ఎలా కట్టారు? మైదానంలో పెరిగిన పిల్లలకు ఇది నిజంగా వింతే. మన్యం కొండల్లోని కొయ్యూరు పిల్లలకు మాత్రం జవాబు సగం తెలుసు. సంతలో కొన్న ఉప్పూ బియ్యమూ కొండమీది గూడేనికి ఎలా చేరతాయో వాళ్ళు రోజూ చూస్తారు. నెత్తిన మూటగానో, భుజాన కావడిలోనో.

ముందు చక్రం సంగతి. అజ్టెక్‌ల కంటే వందల ఏళ్ళ ముందే మెక్సికోలో చక్రాలు బిగించిన మట్టి బొమ్మలు చేశారు, తవ్వకాల్లో దొరికాయి. చక్రం తెలుసు, బండి లాగే పశువే లేదు. ఆండీస్ కొండల్లో ఉన్న లామా పాతిక ముప్పై కిలోల మూట మోస్తుంది తప్ప కాడి కిందికి రాదు. పైగా బండి పైకి ఎక్కాలంటే బాట కొండ చుట్టూ మెలికలు తిరగాలి. మనిషి ఎక్కడానికి మెట్లు చాలు. ఇంకాలు మెట్లే కట్టారు. కొలంబియా నుంచి చిలీ, అర్జెంటీనాల దాకా పరుచుకున్న ఆ దారులు దాదాపు 30,000 కిలోమీటర్లు. 2014లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

నదులు అడ్డొస్తే? గడ్డితో పురితాళ్ళు పేని వంతెన వేలాడదీశారు. పెరూలో అపూరిమాక్ నది మీద కేస్వాచాకా అనే వంతెన ఇప్పటికీ ఉంది. ఏటా జూన్‌లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంటింటా గడ్డితాడు పేనుకొచ్చి, పాత వంతెన తెంపేసి కొత్తది కడతారు. గడ్డితాడు మనుషుల్ని ఆపుతుందా అని అనుమానం వస్తే అడ్డతీగను గుర్తు చేసుకోండి. అడ్డాకుల విస్తరిలో అందరం తిన్నాం. ఆ తీగ నారతో పేనిన తాడు ఎంత బరువుకు ఆగుతుందో మన్యంలో ఎవరినడిగినా చెబుతారు.

బరువులు మోయడాన్ని నేను పొగడటం లేదు. రోగిని డోలీలో మోసుకురావాల్సిన గూడేలు ఈ కొండల్లో ఇంకా ఉన్నాయి. రోడ్డు వాళ్ళ హక్కు. అయితే రోడ్డు ఎలా వేశారన్నదీ అడగాలి. ఇంకాల రాజ్యంలో ఇంటింటివాళ్ళూ వంతుల ప్రకారం రాజు పనికి వెళ్ళాలి. పని జరిగినన్నాళ్ళూ తిండీ, మొక్కజొన్నతో పులియబెట్టిన చిచా రాజుగారి గిడ్డంగి నుంచే వచ్చేవి. అదీ వెట్టే, కాకపోతే కడుపు నింపిన వెట్టి. గూడెం కొండల్లో దొరల కాలపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు కారణాల్లో అదొకటి.

ఇక కొండవాలు మీద సేద్యం. వాన పడితే మట్టి కిందికి కొట్టుకుపోవాలి కదా, ఎలా నిలిచింది? ఇంకాల కొండనగరం మచుపిచ్చులో ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయిదున్నర శతాబ్దాలుగా అక్కడి మెట్ల పొలాలు కదల్లేదు. కిటుకంతా కంటికి కనపడని చోట ఉంది. కొండవైపు కాస్త వాలిన రాతిగోడ కట్టి, దాని వెనక అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద గులకరాళ్ళు, ఆపైన ఇసుక, అన్నిటికీ పైన మంచి మట్టి పోశారు. వాన నీరు గోడను నెట్టకుండా కిందికి జారిపోతుంది. పగలు ఎండకు కాగిన రాయి రాత్రి ఆ వేడిని మెల్లగా వదిలి పైరును మంచు నుంచి కాస్తుంది. పాడేరు, అరకు దారుల్లో గెడ్డ వెంబడి మెట్లు మెట్లుగా దిగే వరిమళ్ళు చూడండి. రాళ్ళు పేర్చిన గట్టు, పైమడి నిండాక కిందిమడికి నీరు వదిలే గండి. ఇక్కడ మంచు కంటే వరదతో పోరు ఎక్కువ గనుక కట్టడం వేరు. నీటిని ఎదిరించి నిలబడకుండా, దారిచ్చి మళ్ళించుకోవాలన్న తెలివి మాత్రం ఒకటే.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది వంటింటి విద్య. అజ్టెక్ ఆడవాళ్ళు మొక్కజొన్న గింజల్ని సున్నం నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగి, రాతి మీద నూరి రొట్టె చేసేవారు. సున్నం ఎందుకు? గింజలోని బి3 విటమిన్ ఇతర పదార్థాలకు అతుక్కుని ఉంటుంది, ఒంటికి పట్టదు. సున్నం ఆ ముడి విప్పుతుంది. ఈ సంగతి యూరప్‌వాళ్ళకు పట్టలేదు. గింజ తీసుకెళ్ళారు, వంట వదిలేశారు. ఇటలీలో మొక్కజొన్న మీదే బతికిన పేదలు బి3 అందక వచ్చే పెల్లాగ్రా రోగంతో చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చలించి చనిపోయారు. మన జొన్నకూ ఈ రోగంతో లంకె ఉంది. జొన్న మీదే బతికే దక్కన్ పేదల్లో పెల్లాగ్రా ఎందుకు వస్తోందని హైదరాబాద్ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో పరిశోధించింది.

ఆండీస్ ఎత్తుల్లో బంగాళాదుంపల్ని రాత్రి చలికి గడ్డకట్టనిచ్చి, పగలు మెత్తబడ్డాక కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెడతారు. దాని పేరు చున్యో. ఏళ్ళ తరబడి చెడదు. చేదు రకాలనైతే వారాల పాటు పారే నీటిలో నానేసి విషం వదిలిస్తారు. ఈ మాట చదివినప్పుడు నాకు మన గెడ్డలే కళ్ళ ముందు కదిలాయి. మన్యంలో చేదు అడవిదుంపల్ని పలచగా చెక్కి, ఉడకబెట్టి, బుట్టలో పోసి పారే నీటిలో ఉంచుతారు. మామిడి టెంక పగలగొట్టి, లోపలి జీడిని ఎండేసి దంచి, వగరు పోయేదాకా కడిగి అంబలి కాస్తారు. దీన్ని కరువు తిండి అని తీసిపారేసేవాళ్ళున్నారు. అందులో ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టరు. తడి ఆరని టెంకకు బూజు పడితే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఒక్క మెట్టు తప్పితే తిండే విషం. ఏ దుంపను ఎంతసేపు నానెయ్యాలో పుస్తకంలో లేదు, తల్లి చేతి నుంచి కూతురి చేతికి వచ్చింది. ఇంకాలకూ లిపి లేదు. దారాల ముడులతోనే, పదుల లెక్కన, రాజ్యం లెక్కలన్నీ దాచారు. ముడి లేని చోటు సున్నా. ఆ లెక్కను 1912లో పరిశోధకుడు లేలండ్ లాక్ విప్పి చూపాడు.

ఇంతకీ వాళ్ళ పంట ఇక్కడికి వచ్చిందా? సంతకు వెళ్ళి చూడండి. మొక్కజొన్న, ఎర్రగుమ్మడి, జామ, బొప్పాయి, చింతపల్లి వైపు నుంచి వచ్చే రాజ్మా, అన్నీ ఆ ఖండానివే. మనం సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా. టమాటా అన్నప్పుడల్లా మనం అజ్టెక్‌ల నాహువాట్ల్ భాష మాటే పలుకుతున్నాం; వాళ్ళు తొమాట్ల్ అనేవారు.

మిరప ముచ్చట వేరు. శ్రీనాథుడి కాలం దాకా తెలుగు కూరలో కారం మిరియాలదే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు మిరపను తెచ్చాయి. మిరియం పోలికతో దానికి పేరు కుదిరింది. అజ్టెక్ చక్రవర్తికి సామంతులు కట్టిన కప్పాల పట్టికలో ఎండుమిరప మూటల బొమ్మలు గీసి ఉన్నాయి. ఆ కాయే 1922లో ఈ కొండల్లో మరో పనికి వచ్చింది. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను కొట్టిన అల్లూరి సీతారామరాజు, ఆ తర్వాత ఫలానా చోటికి వస్తున్నానని బాణానికి మిరపకాయలు కట్టి ముందే కబురు పంపేవాడని ఇక్కడ చెప్పుకుంటారు. దాని పేరు మిరపకాయ టపా. టపా పంపిన మనిషిని 1924 మే 7న ఈ కొయ్యూరులోనే చెట్టుకు కట్టి కాల్చారు.