పూత ముందు, ఆకు తరువాత

సెప్టెంబరు చివరికి ఇంగ్లండులోనో న్యూజెర్సీలోనో పెరళ్లు కళ తప్పుతాయి. సరిగ్గా అప్పుడే, ఆకన్నది లేకుండా, నేలలోంచి నేరుగా లేత ఊదా పూలు పైకొస్తాయి. అవి క్రోకస్ స్పెషియోసస్ పూలు. టర్కీ, కాకసస్, ఉత్తర ఇరాన్ కొండలు వీటి పుట్టిల్లు. ఇంగ్లండులో, న్యూజెర్సీలో ఉంటున్న మనవాళ్లు వీటిని హాయిగా పెంచుకోవచ్చు.

ఆ కొండల్లో శీతాకాలం మంచు, వసంతంలో తడి, వేసవంతా ఎండు నేల. అందుకే దుంప వేసవిలో నిద్రపోతుంది. పైకి నిద్రే గానీ లోపల పూమొగ్గ తయారవుతూనే ఉంటుంది. దీని దగ్గరి చుట్టం కుంకుమపువ్వు మొక్కలో మొగ్గ కట్టడానికి 23 నుంచి 27 డిగ్రీల వేడి కావాలి. అది 17 డిగ్రీలకు దిగితేనే పూత. హైదరాబాదు, విజయవాడల్లో ఆరుబయట ఇవి నిలవకపోవడానికి కారణం ఇదే: దుంప పొడిగా ఉండాల్సిన నెలల్లోనే మనకు వానలు, దాంతో అది కుళ్లిపోతుంది.

ఆగస్టులో దుంపలు తెచ్చి, ఎండ బాగా తగిలే చోట పది సెంటీమీటర్ల లోతున పాతాలి. నీరు నిలవకూడదు. బంకమట్టి అయితే ముతక ఇసుక, సన్నకంకర కలిపి గట్టు ఎత్తు చేయాలి. వేసవిలో నీళ్లు పెట్టొద్దు.

చాలామంది మొక్కను పోగొట్టుకునేది వసంతంలో. పూలు పోయిన కొన్ని నెలలకు ఆకులు వస్తాయి. చూడ్డానికి గడ్డిలాగే ఉంటాయి కాబట్టి మిషన్ పెట్టి కోసేస్తారు. కానీ పాత దుంప ఏటా ఎండిపోతుంది, దాని మీద కొత్త దుంప ఊరుతుంది. దానికి తిండి ఆ ఆకుల నుంచే. అవి వాటంతట అవి పసుపెక్కి వాలేదాకా కత్తెర పెట్టకండి.

ఇక ప్రాణాల మీదికి తెచ్చే విషయం ఒకటుంది. కాల్చికమ్ అనే మరో మొక్కనూ షాపుల్లో ఆటమ్ క్రోకస్ అనే అమ్ముతుంటారు. అదీ ఆకుల్లేకుండానే పూస్తుంది. పువ్వు విప్పి చూడండి: క్రోకస్‌లో పుప్పొడి కేసరాలు మూడు, కాల్చికమ్‌లో ఆరు. కాల్చికమ్‌లోని కాల్చిసిన్ అనే విషాన్ని డాక్టర్లు గౌట్ నొప్పులకు అతి కొద్ది మోతాదులో ఇస్తారు. మన అడవినాభిలోని విషమూ అదే. వండినా దాని విషం పోదు. కుంకుమపువ్వు కోసమే పెంచాలనుకుంటే, సంచి మీద క్రోకస్ సాటివస్ అని రాసి ఉంటేనే దుంపలు కొనండి.