ఏడు హెక్టార్ల కొండవాలు, ఒకే ఒక్క వైన్

కొలంబియా యూనివర్సిటీలో ఎంబీఏ. ఆపైన మొదట న్యూయార్క్‌లో, తర్వాత లండన్‌లో బ్యాంకు ఉద్యోగం. అలాంటి కొలువును వదులుకుని 1977లో ఫ్రాన్స్‌లోని తమ కుటుంబ ద్రాక్షతోటకు తిరిగొచ్చారు నికొలా జోలీ. అప్పటికి ఆయన వయసు 32. వైన్ తయారీలో అనుభవం లేదు. అయినా తర్వాతి కాలంలో ప్రపంచంలో ఎక్కువగా చర్చ జరిగిన వైట్ వైన్‌లలో ఒకటి ఆయన చేతి మీదుగానే వచ్చింది. దాని పేరు కూలే ద సెరాన్. వైన్‌కీ, దాని ద్రాక్ష పండే తోటకీ అదే పేరు.

లువార్ నది ఉత్తరపు ఒడ్డున, అంజే నగరానికి దగ్గర్లో సావెన్యేర్ అనే పల్లె ఉంది. అక్కడ నదివైపు దిగే కొండవాలు మీద 1130లో సిస్టర్షియన్ క్రైస్తవ సన్యాసులు ద్రాక్ష నాటారు. నాటి నుంచీ ఆ నేలలో ద్రాక్షే పండుతోంది. విస్తీర్ణం 7 హెక్టార్లు, అంటే మన లెక్కలో 17 ఎకరాల పైమాటే. కొన్నిచోట్ల వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, ట్రాక్టర్ ఎక్కదు. గుర్రాలతో దున్నాలి, లేదంటే మనుషులు చేత్తో చేసుకోవాలి.

బంగినపల్లి మామిడికీ అరకు కాఫీకీ మనం జీఐ గుర్తింపు ఇచ్చినట్టే, ఫ్రాన్స్ తన వైన్‌లకు ప్రాంతాన్ని బట్టి గుర్తింపు ఇస్తుంది. మామూలుగా ఒక గుర్తింపు కింద ఊళ్లకు ఊళ్లే వస్తాయి. కూలే ద సెరాన్‌కు మాత్రం తన ఒక్క తోటకే విడిగా గుర్తింపు దక్కింది. గత శతాబ్దంలో పేరుమోసిన భోజన రచయిత కుర్నోన్‌స్కీ, ఫ్రాన్స్‌లోని అయిదు అత్యుత్తమ వైట్ వైన్‌లను ఎంచినప్పుడు అందులో దీన్నీ చేర్చాడు.

అంత చరిత్ర ఉన్న తోట జోలీ చేతుల్లోనే పాడయ్యే పరిస్థితి వచ్చింది. ఆయన వచ్చిన కొత్తలో ఒక వ్యవసాయ సలహాదారు, కలుపుమందు కొడితే బోలెడు డబ్బు ఆదా అవుతుందని చెప్పారు. జోలీ విన్నారు. రెండేళ్లు తిరగకముందే మట్టి రంగు మారింది. పురుగూ పుట్రా కనబడలేదు. తోటలో తిరిగే కౌజు పిట్టలు మాయమయ్యాయి. ఈ సంగతి ఆయనే తర్వాత రాసి, చెప్పుకున్నారు.

సరిగ్గా ఆ సమయంలో బయోడైనమిక్ సేద్యం మీద ఒక పుస్తకం ఆయన కంటపడింది. 1924లో ఆస్ట్రియా తాత్వికుడు రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాలతో పుట్టిన పద్ధతి అది. జోలీ ముందు కొద్ది నేలలో చేసి చూసి, 1984 నుంచి తోట మొత్తాన్నీ ఆ దారిలోకి తెచ్చారు.

ఇందులో ముఖ్యమైనది కొమ్ము ఎరువు. ఆవు కొమ్ములో తాజా పేడ కూరి, చలికాలానికి ముందు భూమిలో పాతిపెడతారు. ఆరు నెలల తర్వాత తవ్వితే పేడ వాసన పోయి, అది నల్లటి మెత్తటి మట్టిలా మారి ఉంటుంది. దాన్ని గుప్పెడు తీసుకుని నీళ్లలో వేసి, గంటసేపు ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ సుడి తిరిగేలా కలిపి, సాయంత్రంపూట నేలమీద చల్లుతారు. ఇది మన సేంద్రియ రైతుల్లో కొందరికి పరిచయమే. అరకులో నాంది ఫౌండేషన్‌తో కలిసి కాఫీ పండించే గిరిజన రైతులు కూడా బయోడైనమిక్ బాటలోనే నడుస్తున్నారు.

చంద్రుడూ గ్రహాలూ పంటను నడిపిస్తాయన్న స్టైనర్ మాటకు శాస్త్రీయ రుజువు దొరకలేదు. కలుపుమందు మానడం, కంపోస్టు వేయడం, ప్రతి తీగనూ దగ్గరుండి చూసుకోవడం మాత్రం నేలకు మేలు చేసే పనులు. ఆ తోట బాగుపడటానికి ఇవే బలమైన కారణాలని చెప్పుకోవచ్చు.

ఇక్కడ పండేది షెనాన్ బ్లాన్ రకం. పులుపు గట్టిగా ఉండే ద్రాక్ష. జోలీ తోటలో కోత ఒక్కరోజులో ముగియదు. అదే తోటలోకి మళ్లీ మళ్లీ వెళ్లి, బాగా పండిన గుత్తులను మాత్రమే కోస్తారు. అలా కొన్ని వారాలు పడుతుంది. దిగుబడి తక్కువే. పులియబెట్టడానికి బయటి ఈస్టు కలపరు. పండు తొక్కమీద, తోటలో సహజంగా ఉన్న ఈస్టే ఆ పని చేస్తుంది. కొత్త చెక్క పీపాల వాసన వైన్‌కు అంటకుండా చూస్తారు. పని తోటలోనే సరిగ్గా జరిగితే గోదాములో చేయాల్సింది పెద్దగా ఉండదన్నది ఆయన వాదన. అందుకే తనను వైన్ తయారీదారు అనడం కన్నా ప్రకృతికి సహాయకుడు అనడమే ఆయనకు ఇష్టం.

ఈ వైన్ రంగు లేత పసుపు కాదు, బంగారు రంగు. వాసనలో తేనె, మైనం, ఎండిన చామంతి తెలుస్తాయి. అంత తేనె వాసన వచ్చినా నాలుక మీద తీపి ఉండదు. మొదట చిక్కగా, ఆ వెంటనే పులుపుగా, చివర్లో కాస్త ఉప్పదనంతో సాగుతుంది. మామూలు వైట్ వైన్‌లు మూత తీసిన రెండోరోజుకే నీరసిస్తాయి. ఇది గాలి తగిలేకొద్దీ విచ్చుకుంటుంది. అందుకే తాగడానికి ఒకరోజు ముందే సీసా తెరవమనీ, మరీ చల్లబరచవద్దనీ జోలీ చెబుతారు.

అందరూ మెచ్చుకోలేదు. ఏడాదికీ ఏడాదికీ రుచి మారిపోతుందనీ, కొన్ని సీసాల్లో గాలి సోకిన వైన్‌లా అనిపిస్తుందనీ విమర్శకులు అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఎండ, వాన, తేమ ఏటా ఒకేలా ఉండవు. ఆ తేడాను గోదాములో సరిదిద్దడం జోలీకి ఇష్టం లేదు.

ఈ ద్రాక్ష మన దేశానికీ కొత్త కాదు. నాసిక్‌లో సులా సంస్థ తొలినాళ్లలోనే షెనాన్ బ్లాన్ వైన్ తెచ్చింది. లేతగా ఉండగానే, చల్లగా తాగే వైన్ అది. ఒకే రకం పండు రెండు నేలల్లో ఎంత వేరుగా మారుతుందో ఈ రెంటినీ పక్కపక్కన రుచి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు జోలీ కూతురు విర్జినీ ఆ తోట బాధ్యతలు మోస్తున్నారు. జోలీ నమ్మకాలన్నిటినీ ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. కానీ రెండేళ్లలో చెడిన నేలను బాగుచేయడానికి ఏళ్ల తరబడి ఆయన పడిన శ్రమ నిజం. మామిడి, కాఫీ, ద్రాక్ష పండించే మన రైతులూ, వారికి సలహాలిచ్చే అధికారులూ ఈ తోట కథలో ఆ భాగాన్నైనా తప్పకుండా తెలుసుకోవాలి.