బూజుపట్టిన గింజ – పాడిపశువు – కాలేయము

మన పట్టిసీమ ప్రాంతమున రబీ మొక్కజొన్నను ఒలిచి కళ్లములలోను, రోడ్డు ప్రక్కలను ఆరబోయు దినములలో వేసవి జల్లు పడుట క్రొత్త కాదు. తడిసి బూజుపట్టిన గింజను మనుష్యులు తినరు. పశువుకైనను పనికివచ్చునని కుడితిలో కలుపువారు కలరు. ఈ వాడుకను గూర్చియే సభ్యులకు కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

1960వ సంవత్సరమున ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోడిపిల్లలు కారణము తెలియక చచ్చినవి. విచారింపగా, వాని దాణాలోని బ్రెజిలు వేరుశనగ చెక్కలో ఒక బూజు పుట్టించిన విషము కనబడెను. దానికి అఫ్లటాక్సిను అని పేరిడిరి. ఆ బూజు నేలలోనే యుండును. కాయ ఊరు కాలమున పైరు బెట్టకు వచ్చినను, పురుగు తొలిచినను, కోసిన పంట తడిసినను గింజలో జొరబడును. బూజు దులిపి, కడిగి, వండినను విషము పోదు.

1974లో రాజస్థానములోని బాన్స్‌వాడా, గుజరాతులోని పంచమహలు జిల్లాలలో అకాలవర్షమునకు మొక్కజొన్న బూజుపట్టెను. దానిని తినినవారికి కామెర్లును, పొట్టలో నీరును వచ్చి నూరుమందికి పైగా మరణించిరి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు విచారింపగా, ఆ యిండ్ల తిండి తినిన కుక్కలును అట్లే చచ్చినట్లు తెలిసెను. ఇది ఒక్కసారిగా మిక్కుటముగా తినినందువలని ఫలము. కొంచెము కొంచెముగా ఏండ్లతరబడి లోనికి పోయినచో కాలేయమున కాన్సరు పుట్టవచ్చును. హెపటైటిస్ బి అంటినవారికి ఈ భయము అనేక రెట్లు. కనుకనే శిశువు పుట్టిన 24 గంటలలోగా ఆ టీకా వేయింపవలయును.

పశువు విషమును తనలోనే యుంచుకొనునని తలపరాదు. గేదె తినిన దానిలో కొంత మఱునాటికే పాలలో దిగును. కాచినను పోదు, పెరుగులోనికిని వచ్చును. ఆ పాలు త్రాగువారు మన పిల్లలే. అయితే ఆ దాణా మానిన కొలదిదినములలోనే పాలు శుద్ధిపడును.

మొక్కజొన్న తేమ 14 శాతమునకు, వేరుశనగకాయ తేమ 8 శాతమునకు దిగువరకు ఆరవలయును. పంట కొరికి చూచి చెప్పు అనుభవశాలులు కలరు గాని, మేము తేమ కొలుచు యంత్రమునే నమ్ముదుము. ఒక్కొక్క రైతు దానిని కొనజాలడు, సంఘము కొనవచ్చును. టార్పాలిను పట్టాల సంగతియు అంతే. బస్తాలను చెక్కబల్లలపై, గోడకు ఎడముగా నుంచవలయును. వేరుశనగలో విషము తఱచు కొద్దిగింజలలోనే గుమిగూడి యుండును గనుక ముడుతపడినవి, రంగు మారినవి ఏరివేసినచో చాలవఱకు తగ్గును. ఆ ఏరివేతను కోళ్లకును వేయరాదు. బస్తా పోయెనని మనసు నొచ్చుట సహజమే. కాని అది తడిసి బూజెక్కిననాడే పోయినది. లోతైన గోతిలో పూడ్చివేయవలయును. ఎత్తునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలయును, ఆ ధూళియు మంచిది కాదు.