బడిలోని బీరువా, ఊరిలోని గ్రంథాలయము

గోదావరీతీరమునందలి ధర్మపురి నరసింహక్షేత్రముగా యాత్రికులకెంత ప్రసిద్ధమో, నరసింహశతకకర్తయైన శేషప్పకవి నివాసస్థలముగా సాహిత్యప్రియులకంత ప్రసిద్ధము. ఆ శతకమునుండి పాఠ్యపుస్తకములకెక్కిన పద్యమొకటి నోటికి వచ్చిన బాలుడు, తక్కినవియు చదువవలెనని ముచ్చటపడినచో ఎవరినడుగవలెను? బడిలో బీరువా యున్నది, ఊరిలో గ్రంథాలయమున్నది. ఈ రెంటికిని నడుమ రాకపోకలు లేకపోవుటయే మన ప్రాంతమున చింతింపదగిన విషయము.

ఇది మొదటినుండి ఉన్న ఎడబాటు కాదు. నిజాము రాజ్యమున విద్యాబోధన ఉర్దూలో సాగుచుండగా, తెలుగు చదువునకు నీడ కరవైన కాలమున, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. బడి చేయని పనిని గ్రంథాలయము తలకెత్తుకొన్న దినములవి. మాతృభాషలో ప్రాథమికవిద్య కావలెనని కోరిన ఆంధ్రోద్యమ నాయకులే ఊరూర గ్రంథాలయములను స్థాపింపుడని ప్రబోధించిరి. వారి మహాసభలలో నొకటి 1935లో నాటి కరీంనగరు జిల్లాలోని సిరిసిల్లలోనే, మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగినది.

పిదప 1955లో హైదరాబాదు రాష్ట్రమునకును, 1960లో ఆంధ్రప్రదేశమునకును గ్రంథాలయ శాసనములు వచ్చినవి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. ఈ సొమ్ము సకాలమున చేతికందదని సంస్థలవారి చిరకాలపు మొర. అది వేరొక కథ. బడిపిల్లవాని తండ్రియే ఆ పన్ను చెల్లించుచున్నాడన్నమాట మాత్రము మరువరానిది. బడికి పుస్తకములు సమగ్రశిక్ష నిధులనుండి వచ్చును. తరగతుల స్థాయినిబట్టి ఏటికి 5,000 మొదలు 20,000 రూపాయల వరకు గ్రాంటు నిర్ణయింపబడినది. రెండు సంస్థలును విద్యాశాఖ నీడలోనివే యైనను, ఒకరి రిజిస్టరు మరియొకరు చూచుటయే అరుదు.

వేళలును కలిసిరావు. శాఖాగ్రంథాలయములు సామాన్యముగా ఉదయమున కొంతసేపు, సాయంకాలమున కొంతసేపు తెరచియుండి, బడి నడుచు మధ్యాహ్నవేళ తాళము వేసికొనును. శుక్రవారము వానికి సెలవు, ఆదివారము బడికి సెలవు. అనగా పిల్లవానికి గ్రంథాలయమున తీరికగా కూర్చుండుటకు ఆదివారమొక్కటే అనువైన దినము. కాని ఆనాడు పఠనమందిరమున కుర్చీలన్నియు గ్రూపు పరీక్షల అభ్యర్థులచే నిండియుండును. వారిని తప్పుపట్టరాదు, ఉద్యోగము కొరకు ఆశపడు యువకునికి అంతకన్న చౌకయైన నీడ దొరకదు. వారి నడుమ పదేండ్ల బాలిక బొమ్మల పుస్తకము తెరచి గట్టిగా నవ్వగలదా?

బడిలోని చిక్కు మరియొక తీరు. బీరువా తాళపుచెవి ఒక ఉపాధ్యాయునికడ నుండును. ఆయన పాఠములు చెప్పవలెను, మధ్యాహ్నభోజనపు లెక్కలు చూడవలెను, వీనితోపాటు పుస్తకముల బాధ్యతయు మోయవలెను. స్టాకు తనిఖీనాడు ఒక పుస్తకము తక్కువైనచో తన జీతమునుండి కట్టవలసివచ్చునేమో యను భయమున, ఆ మంచి మనిషి తాళము తీయుటయే మానుకొనును. పుస్తకము చిరుగకుండ భద్రముగా నుండును, చదువబడకుండ! నా దృష్టిలో అసలు అడ్డంకి ధనముకాదు, ఈ భయమే.

ఈ ఎడబాటునకు మందు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. బరోడా సంస్థానమున శతాబ్దము క్రిందటనే కేంద్ర గ్రంథాలయమువారు కొయ్యపెట్టెలలో పుస్తకములు సర్ది గ్రామములకు పంపి, చదువుట ముగియగనే మార్చుచుండిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించి రేవురేవునను పుస్తకములందించిరి. అమెరికాలోని నాష్‌విల్ నగరమున 2009నుండి విద్యార్థి కోరిన పుస్తకము పౌరగ్రంథాలయమునుండి నేరుగా అతని బడికే చేరుచున్నది. ఫిన్లెండులో పెక్కు బడులు పౌరగ్రంథాలయమునే తమ గ్రంథాలయముగా వాడుకొనుచున్నవి. ఫిన్లెండు పద్ధతి తప్ప తక్కిన ఏర్పాటులన్నిటిలోను పాఠకుడు నడువడు, పుస్తకమే నడచును.

2016లో జగిత్యాల జిల్లాలో చేరిన ధర్మపురికిది అసాధ్యమా? శాఖాగ్రంథాలయమునుండి ఇరువదియైదు పుస్తకముల పెట్టె యొకటి నెలకొకసారి ఒక్కొక్క బడికి తిరిగినచో సరిపోవును. అందు శేషప్ప శతకము నిండుప్రతి, చందమామ కథల వంటి బాలసాహిత్యము, విజ్ఞానశాస్త్రపు బొమ్మలపుస్తకములు ఉండవలెను. పెట్టె అప్పగింతకు ఒకే రిజిస్టరు. అందులో ఒక వైపు గ్రంథపాలకుని సంతకము, ఇంకొక వైపు ఏడవ తరగతి పిల్లలలో ఎన్నుకోబడినవారి సంతకము. ఇక పోయిన పుస్తకమునకు గురువు జీతము పట్టనక్కరలేదు. ఏటేటా వందకు ఇన్ని యని ముందుగనే నిర్ణయించుకొని, అరిగిపోయినవానివలెనే వీనిని గూడ లెక్కనుండి తీసివేయవలెను. ఈ నియమమొక్కటి జిల్లా సంస్థ తీర్మానముగా వ్రాతపూర్వకముగా బడికి చేరనంతకాలము, ఎన్ని పెట్టెలు పంపినను అవియు బీరువాలోనికే చేరును. నవంబరు 14నుండి 20వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో పిల్లలకు వ్యాసరచనపోటీలు పెట్టుట ఎటులును కలదు. ఆ సంవత్సరపు తొలి పెట్టెను 21వ తేదీననే బయలుదేరదీయవచ్చును.