మూడో కన్ను ఎటు చూడాలి?

ఇంటి బయట సీసీ కెమెరా పెట్టించడం ఇప్పుడు పెద్ద ఖర్చేం కాదు. కానీ అది అవసరానికి అక్కరకొస్తుందా అన్నదే అసలు ప్రశ్న. కొనేముందు టేపు పట్టుకుని గుమ్మం దగ్గర ఓ పావుగంట నిలబడితే జవాబు దొరుకుతుంది.

సంక్రాంతికి ఊరెళ్లాలి. బస్సు టికెట్లు దొరికాయి. అరిసెలు వండుతున్నామని అమ్మమ్మ కబురు పెట్టింది. పిల్లలు ఎప్పుడో సంచులు సర్దేసుకున్నారు. ఇల్లాలు మాత్రం తాళం వేశాక కూడా రెండుసార్లు లాగి చూస్తుంది. వీధి మలుపు తిరిగాక 'గ్యాస్‌ కట్టామా?' అని ఓ అనుమానం. 'తాళం వేసిన ఇల్లని ఎవరైనా కనిపెడితే...' అని ఇంకో గుబులు. పండగ మూడు రోజులూ మనసు సగం ఇక్కడే ఉంటుంది.

ఆ గుబులు పోగొట్టుకోవడానికే చాలామంది గేటు మీదో గుమ్మం పైనో ఓ కెమెరా బిగిస్తున్నారు. తీరా దొంగతనం జరిగాక వీడియో తిప్పి చూస్తే వచ్చినవాడు కనిపిస్తాడు. ఎలా? నడినెత్తి, భుజాలు, చేతిలో ఇనప రాడ్డు. ముఖం మాత్రం ఉండదు. ఎందుకంటే కెమెరా ఉన్నది రెండో అంతస్తు సజ్జా కింద! లేదంటే తెల్లగా మెరిసే ఓ తెర తప్ప ఏమీ ఉండదు. ఎందుకంటే కెమెరా కంటికి అడ్డంగా సాలెపురుగు గూడు కట్టింది! తప్పు కెమెరాది కాదు. దాన్ని ఏ పనికి పెడుతున్నామో ముందుగా ఎవరూ అనుకోలేదు, అంతే.

నర్సమ్మ నేర్పిన పాఠం

ఇంటికి కెమెరా కాపలా అన్న ఆలోచన వెనక ఓ మహిళ భయం ఉంది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌ ప్రాంతంలో ఉండే మేరీ వాన్‌ బ్రిటన్‌ బ్రౌన్‌ నర్సు. ఆమెవీ, ఎలక్ట్రానిక్స్‌ పనిచేసే భర్త ఆల్బర్ట్‌వీ వేళాపాళా లేని ఉద్యోగాలు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు కొడితే గుండె దడ. ఫోన్‌ చేస్తే పోలీసులు రావడం ఆలస్యం. దాంతో ఇద్దరూ కలిసి ఓ ఉపాయం ఆలోచించారు. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ కదిలే కెమెరా, లోపలి గదిలో టీవీ తెర, బయటివాళ్లతో మాట్లాడే మైకు. 1966లో దరఖాస్తు చేస్తే 1969లో పేటెంటు వచ్చింది. ఒక్క రంధ్రం సరిపోదా అంటే, సరిపోదు. పొడుగువాళ్లొచ్చినా పొట్టివాళ్లొచ్చినా ముఖం కనిపించాలి కదా! ఇన్నేళ్ల తర్వాత కూడా పాటించాల్సిన సూత్రం అదే.

ముందు ప్రశ్న... తర్వాతే కెమెరా

'ఎవరో వచ్చారు' అని తెలియడం వేరు, 'ఫలానా మనిషి వచ్చాడు' అని తేల్చుకోవడం వేరు. దీనికి అంతర్జాతీయ ప్రమాణాల్లో ఓ లెక్క ఉంది. దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకి 25 పిక్సెళ్లుంటే అక్కడో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 ఉంటే తెలిసినవాళ్లయితే పోల్చుకోవచ్చు. ముక్కూమొహం తెలియని వ్యక్తిని నిర్ధారించుకోవాలంటే 250 కావాలి.

ఇళ్లకు ఎక్కువగా వాడే 2 మెగాపిక్సెల్‌ కెమెరాలో అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లు. అంటే దాదాపు ఏడున్నర మీటర్ల వెడల్పు దాటితే కొత్త ముఖం పట్టివ్వదు. విశాలంగా చూపించే 2.8 మిల్లీమీటర్ల లెన్సయితే మూడు నాలుగు మీటర్ల దూరంలోనే ఆ హద్దు వచ్చేస్తుంది. 6 మిల్లీమీటర్ల లెన్సు సుమారు ఎనిమిది మీటర్ల దాకా పనికొస్తుంది. కాకపోతే అటూఇటూ తక్కువ చూపిస్తుంది.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందే కెమెరా పెట్టాలనుకున్న చోటు నుంచి గేటు దాకా టేపుతో కొలుచుకోండి. 'వాకిలంతా కనిపించాలి, గేటు దగ్గర ముఖమూ తెలియాలి' అంటే ఒక్క కెమెరాతో కాని పని. వెడల్పుగా చూసేది ఒకటి, గేటు మీదే దృష్టి పెట్టేది మరొకటి... రెండుంటే మంచిది.

డబ్బా మీద ఏం చూడాలి?

ఎండకీ వానకీ తట్టుకోవాలి కాబట్టి ఐపీ 66 లేదా ఐపీ 67 అని ఉందేమో చూడాలి. మొదటి 6 అంకెకు దుమ్ము లోపలికి చొరబడదని అర్థం. రెండో అంకె నీటికి సంబంధించింది. 6 అయితే జోరుగా కొట్టే నీటిధారకి ఆగుతుంది. 7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఫర్వాలేదు. గుమ్మం ఎదురుగా ఎండ పడుతుంటే డబ్ల్యూడీఆర్‌ ఉన్నది తీసుకోవాలి. లేకపోతే పగలు వచ్చినవాళ్లు నల్లటి నీడలా కనిపిస్తారు. పరారుణ దీపాలున్న మామూలు కెమెరాలు రాత్రిపూట నలుపు తెలుపుల్లోనే చూపిస్తాయి. చొక్కా రంగు కూడా తెలియాలంటే గేటు దగ్గర లైటు వెలగాలి లేదా తెల్లని దీపమున్న కెమెరా కొనాలి.

రికార్డింగు ఎన్నాళ్లుంటుందో కూడా లెక్క వేసుకోవచ్చు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా నమోదు చేసే కెమెరాకు రోజుకు 21 జీబీ దాటి కావాలి. నాలుగు కెమెరాలుంటే 1 టీబీ హార్డ్‌డిస్కు పదకొండు రోజులకే నిండి, పాతవాటి మీద కొత్తవి ఎక్కేస్తాయి. పదిహేను రోజులు ఊళ్లో ఉండేవాళ్లకి అది చాలదు మరి!

బిగించేటప్పుడే జాగ్రత్త

* ఎనిమిది నుంచి పదడుగుల ఎత్తు మేలు. అంతకు తగ్గితే చేతికందుతుంది, బాగా పెరిగితే నడినెత్తే కనిపిస్తుంది.

* తెల్లగోడకి, సజ్జాకి మరీ ఆనించి పెట్టొద్దు. రాత్రి పరారుణ కాంతి వాటి మీద పడి తిరిగొచ్చి, దృశ్యమంతా పొగమంచు కప్పినట్టు ఉంటుంది. ఆ దీపాల కోసం పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు వస్తాయి. వారానికోసారి బూజు దులపాల్సిందే.

* వైఫై కెమెరా అయితే గోడకి బెజ్జం వేయకముందే ఫోన్‌ అక్కడ పెట్టి సిగ్నల్‌ చూడండి. కొత్తగా కట్టుకునే ఇల్లయితే వైరింగుతోపాటే కేబుల్‌ వేయించుకోవడం ఉత్తమం. పీఓఈ పద్ధతిలో ఒకే తీగ మీద కరెంటూ, దృశ్యమూ వంద మీటర్ల దాకా వెళ్తాయి.

* కేబుల్‌ గోడలోకి వెళ్లేచోట కొంచెం కిందికి వేలాడేలా వంపు ఉంచితే వాన నీళ్లు లోపలికి జారవు.

* కరెంటు పోతే కెమెరా కన్ను మూస్తుంది. రూటరు, రికార్డరు కూడా ఇన్వర్టరు మీద ఉండాలి. రికార్డరును టీవీ పక్కనే పెడితే దొంగ టీవీతోపాటు దాన్నీ పట్టుకుపోతాడు. ఎవరి దృష్టీ పడని చోట ఉంచాలి.

* పగలు చూసి బాగుందని డబ్బులిచ్చేయకండి. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ఒకర్ని గేటు నుంచి నడిచి రమ్మని, ఆ రికార్డింగు చూశాకే మిగతా మొత్తం చెల్లించండి.

తాళం చెవి ఎవరి దగ్గరుంది?

ఇంటి తాళం మార్చేవాళ్లు కెమెరా పాస్‌వర్డు మార్చరు! 2016లో మిరాయ్‌ అనే వైరస్‌ ప్రపంచవ్యాప్తంగా లక్షల కెమెరాల్లో, రికార్డర్లలో, రూటర్లలో చొరబడింది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డుల్ని జనం అలాగే వదిలేయడమే దానికి దారి చూపింది. బిగించినతనికి తెలిసిన పాస్‌వర్డును అతను వెళ్లగానే మీరే మార్చుకోవాలి. 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 2025 ఏప్రిల్‌ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరయ్యాయి. ఆ ధ్రువీకరణ ఉందా అని దుకాణదారుని అడగడానికి మొహమాటపడొద్దు.

పక్కింటి వాకిలి మనది కాదు

కెమెరా మన గేటునీ, మన వాకిలినీ చూడాలి. పక్కింటి కిటికీనీ బట్టలారేసుకునే డాబానీ కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చిచెప్పింది. ఒకే ఇంట్లో కలిసి ఉంటున్నవాళ్ల అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని 2025లో కలకత్తా హైకోర్టు తీర్పిస్తే, అందులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. చాలా కెమెరాల్లో వద్దనుకున్న భాగాన్ని నల్లగా కప్పేసే సదుపాయం ఉంటుంది. దాన్ని వాడుకోవచ్చు.

ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మ కోసం హైదరాబాద్‌ నుంచో అమెరికా నుంచో పిల్లలు కెమెరా పెట్టించడం మామూలైపోయింది. మంచిదే. కానీ ఆమెకి చెప్పి, ఎక్కడిదాకా కనిపిస్తుందో చూపించి పెట్టండి. గుమ్మం బయట ఉన్న కెమెరా ఆమెకు ధైర్యం. వంటింట్లో చెప్పకుండా పెట్టింది నిఘా అవుతుంది.

జరగరానిది జరిగితే...

ముందు చేయాల్సింది రికార్డింగు చెరిగిపోకుండా కాపీ తీసుకోవడం. వాట్సాప్‌లో పంపుకొన్న ముక్క సరిపోదు. అసలు రికార్డరును అలాగే ఉంచి పోలీసులకు చూపాలి. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్‌ ప్రకారం ఇలాంటి కాపీలు కోర్టులో నిలవాలంటే ధ్రువపత్రం జతచేయాలి. కెమెరా గడియారం సరైన సమయం చూపిస్తోందో లేదో అప్పుడప్పుడూ సరిచూసుకోవడం అందుకే అవసరం.

ఊరెళ్లేవాళ్లు ముందుగా చెబితే ఇంట్లో తాత్కాలికంగా కెమెరా పెట్టి కనిపెట్టుకునే పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌ పోలీసులు 2017లో పలు పట్టణాల్లో తెచ్చారు. ప్రయాణానికి ముందు మీ స్టేషన్‌లో ఓ మాట అడిగి చూడండి.

ఎన్ని చేసినా ఒక్క సంగతి మర్చిపోకూడదు. అర్ధరాత్రి ఫోన్‌లో హెచ్చరిక మోగే వేళకి మీరు మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. లైటు వేసి, 'ఎవరయ్యా అక్కడ?' అని గట్టిగా అరవాల్సింది పక్కింటి పిన్నిగారే. ఊరెళ్లేముందు ఆవిడ నంబరు తీసుకోండి. వచ్చేటప్పుడు నాలుగు అరిసెలు పట్టుకురావడమూ మర్చిపోకండి!