కొండగావ్ కొలిమికి వాన గండం

విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కోంటా మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి బస్తర్ అడవుల గుండా జగదల్‌పూర్ చేరుతుంది. అక్కడికి ఉత్తరాన, అదే దారిలో ఉంది కొండగావ్. డోక్రా లోహశిల్పాలకు ఈ పట్టణం ప్రసిద్ధి. గడ్వా కళాకారులు మట్టి అచ్చుపై మైనపు దారాలతో బొమ్మను తీర్చి, దానిపై మళ్లీ మట్టి పూసి, ఆరుబయట కట్టెల కొలిమిలో కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి ద్రవాన్ని పోస్తారు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజుల పద్ధతి కూడా ఇటువంటిదే. ఈ రెండు కళలకూ భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒక అచ్చుకు ఒకే బొమ్మ. పోతపోసిన తరువాత అచ్చును పగలగొట్టవలసిందే. కొలిమిలో పొరపాటు జరిగితే రోజుల తరబడి తీర్చిన మైనపు పని తిరిగి రాదు. అందువల్ల కొలిమి సంరక్షణ ఈ వృత్తిలో సగం పని అనవచ్చు.

ఆ సంరక్షణలో మొదటి సూత్రం తడి తగలనీయకపోవడం. మట్టి గోడలు నీటిని పీల్చుకుంటాయి. మరిగిన నీరు ఆవిరిగా మారినప్పుడు సుమారు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. నెమ్మదిగా వేడిచేస్తే ఆ ఆవిరి సూక్ష్మరంధ్రాల గుండా బయటికి పోతుంది. ఒక్కసారిగా పెద్ద మంట వేస్తే దారి దొరకక గోడ పెచ్చులుగా లేచిపోతుంది. తడి మిగిలిన అచ్చులోకి 900 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన ఇత్తడి ద్రవం పోస్తే అది ఎగజిమ్మి మనిషి ప్రాణానికే ముప్పు తేగలదు. మట్టిలో ఊక కలపడం వెనుక ఉన్న తెలివి ఇక్కడే అర్థమవుతుంది. ఊక కాలిపోగా మిగిలిన సన్నని రంధ్రాలు ఆవిరికి దారి ఇస్తాయి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు బస్తర్‌లో వానలు దట్టంగా కురుస్తాయి. కొలిమిపై గాలి ఆడే కప్పు అవసరం. ప్లాస్టిక్ పట్టాతో బిగించి చుట్టడం మేలు చేయదు, లోపలి తేమ లోపలే నిలిచిపోతుంది. కొలిమి చుట్టూ నేల ఎత్తుగా ఉండి, వాననీరు పక్కకు పారిపోవాలి. వానలు వెలిశాక తిరిగి రాజేసేటప్పుడు తొలిరోజు సన్నని పుల్లల మంట కొన్ని గంటలు చాలు. మరునాడు కొంత పెంచి, ఆ తరువాతే మోదుకట్టెలు వేయాలి. కొలిమి నోటికి దూరంగా, పట్టకారుతో చల్లని పళ్లెం పట్టి చూస్తే, దానిపై నీటి బిందువులు నిలుస్తున్నంత కాలం గోడ ఆరనట్టే. అయితే పచ్చికట్టెలు కాలినా ఆవిరి వస్తుంది కనుక ఎండుకట్టెలు కాలుతున్నప్పుడే ఈ పరీక్షకు విలువ.

శుభ్రం చేయడానికి నీరు, సబ్బు అక్కరలేదు. పొడి చీపురు, ఇనుప గోకుడు సరిపోతాయి. గోడకు పట్టిన మసి తరువాతి మంటలో తానే కాలిపోతుంది. బూడిదను మాత్రం ఉపేక్షించరాదు. అందులోని పొటాషియం వంటి క్షారాలు అధిక వేడిలో మట్టితో కలిసి గాజువంటి పొరను ఏర్పరచి గోడను తినివేస్తాయి. ఇత్తడిలోని జింకు 907 డిగ్రీల వద్ద మరుగుతుంది. దాని ఆవిరి మండి తెల్లని పొడిగా పేరుకుంటుంది. ఆ పొగ పీల్చినవారికి జ్వరం, వణుకు రావచ్చు. కనుక కొలిమి పూర్తిగా చల్లారాక, ముక్కుకు తగిన మాస్కు ధరించి ఊడవడం క్షేమం. లోహం కరిగించే కొలిమిలో ఆహారం వండరాదన్నది వేరే చెప్పనక్కరలేదు.

వెంట్రుకవాసి పగుళ్లు ప్రతి మట్టి కొలిమికీ సహజం, వాటిని చూసి కంగారుపడనవసరం లేదు. వెడల్పైన పగులును గీకి, అంచులను కొద్దిగా తడిపి, గోడ కట్టిన మట్టినే ఊకతో కలిపి నింపాలి. సిమెంటు పూత అధిక వేడికి నిలవదు, మట్టితో సమానంగా వ్యాకోచించదు, కొద్దికాలానికే ఊడిపోతుంది.

నగరాల్లో తోటల్లోనూ విడిది గృహాల్లోనూ కనిపిస్తున్న పిజ్జా పొయ్యిలకూ దాదాపు ఇవే నియమాలు వర్తిస్తాయి. అక్కడ వేడి 400 డిగ్రీల పైచిలుకే అయినా, తడి గోడ పగలడానికి అదే ఎక్కువ. పిజ్జాను నేరుగా పొయ్యి నేలపైనే కాలుస్తారు కనుక బూడిదను ముందుగా పక్కకు ఊడ్చి, నేలను పిండిన గుడ్డతో ఒకసారి తుడవడం వరకు సరిపోతుంది. అక్కడైనా బస్తర్‌లోనైనా తీసిన బూడిదను మూతగల ఇనుప డబ్బాలోనే ఉంచాలి. పైకి చల్లగా కనిపించినా లోపలి నిప్పు కణికలు మరునాటి వరకూ సజీవంగా ఉండవచ్చు.